చేనికాపు తుపాకి

మందు దట్టించే తుపాకికి తూటా ఉండదు. గొట్టం వెనుక కొస మూసి ఉంటుంది. మందూ, దాన్ని కదలకుండా పట్టే బిరడా, గుళ్ళూ అన్నీ మూతి నుంచే లోపలికి పోవాలి. వాటిని అదిమే పొడవాటి కడ్డీ పేరు గజం. సైన్యాలు ఈ రకాన్ని వదిలేసి నూట యాభై ఏళ్ళు దాటినా, భారత చట్టంలో దీనికి ఒక చోటు మిగిలింది. ఆ చోటు పంట కాపలా. అడవి అంచున చేలున్న చిత్తూరు, తిరుపతి జిల్లాల వంటి సీమల్లో ఈ పాత యంత్రం ఎలా పుట్టింది, ఎలా మారింది, ఎలా చూసుకుంటే మన్నుతుంది అన్నది తెలుసుకోదగిన విషయం.

తుపాకి రాకముందు చేనికాపుకు మంచె, వడిసెల, తప్పెట ఉండేవి. మంచె మీది మనిషి వడిసెలతో రాయి విసిరి పిట్టలను లేపేవాడు, తప్పెట కొట్టి పందులను తరిమేవాడు. తర్వాత తుపాకి చేతికొచ్చినా పని మారలేదు. చేనిలో దానికి మొదటి పని చప్పుడు చేయడమే.

చేతి తుపాకి దక్షిణాదిన బలంగా కనిపించేది 16వ శతాబ్దం ఆరంభం నుంచి. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు క్రిస్టొవావ్ డి ఫిగ్యురెడో వెంట వచ్చిన పోర్చుగీసు తుపాకిదారులు గోడల మీది కావలివాళ్ళను గురిచూసి కొట్టారు. ఆ చాటున కింది సైనికులు గోడ రాళ్ళు ఊడదీశారు. తాళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజ్యం కుంచించుకుపోయి, ఆ శతాబ్దం చివరికి రాజధాని చంద్రగిరికి చేరింది. అప్పటికి తుపాకి ఈ కొండల సీమకు కొత్త కాదు.

ఆ తొలి తుపాకి ఒత్తితో పేలేది. సురేకారపు నీటిలో నానబెట్టి ఆరబెట్టిన తాడు మంట లేకుండా నెమ్మదిగా కాలుతూ ఉంటుంది. ఈ ఒత్తినే జామగి అనేవారు. గొట్టం పక్కన చిన్న గిన్నె, అందులో చిటికెడు మెత్తని మందు ఉండేవి. ఆ మందు పేరు రంజకం. మీట నొక్కితే జామగి వంగి రంజకాన్ని అంటిస్తుంది, ఆ నిప్పు సన్నని రంధ్రం గుండా లోపలి మందును చేరుతుంది. ఒత్తి వాన పడితే ఆరిపోయేది. చీకట్లో దాని ఎర్రని కొస మనిషి ఉన్న చోటును పట్టించేది. ఇన్ని లోపాలున్నా ఊరి కమ్మరి బాగుచేయగలిగినంత సాదా యంత్రం కావడంతో అది పాలెగాళ్ళ కాలమంతా నిలిచింది. 1804-05లో చిత్తూరు పాలెగాళ్ళు ఈస్టిండియా కంపెనీని ఎదిరించిన నాటికి ఇంగ్లీషు సిపాయి చేతిలో చెకుముకి తుపాకి ఉంది.

చెకుముకి తుపాకిలో ఒత్తి లేదు. స్ప్రింగు బలంతో చెకుముకి రాయి ఉక్కు పలకను గీరితే రాలిన నిప్పురవ్వలు రంజకం మీద పడతాయి. 1610 ప్రాంతంలో ఫ్రాన్సులో మారన్ లె బూర్జువా చేతిలో ఈ ఏర్పాటు కుదురుకుంది. దీనికీ గిన్నె, రంజకం తప్పలేదు, వాన బాధా తప్పలేదు. పైగా రంజకం భగ్గుమన్న క్షణానికి గాని గొట్టం పేలదు. ఆ వెలుగుకే పిట్ట ఎగిరిపోయేది. స్కాట్లండులో బాతులను వేటాడే అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే క్రైస్తవ మతాచార్యుడు ఈ చిక్కును విప్పాడు. దెబ్బ తగిలితేనే పేలే రసాయనాన్ని రంజకానికి బదులు వాడి 1807లో పేటెంటు పొందాడు. తర్వాతి ఇరవై ఏళ్ళలో ఆ రసాయనం చిన్న రాగి టోపీలోకి చేరింది. సుత్తి టోపీ మీద పడుతుంది, టోపీ పేలి నిప్పు లోపలికి పోతుంది. వానలోనూ నమ్మదగిన తుపాకి అలా తయారైంది. నేడు చట్టబద్ధంగా మిగిలిన మందు తుపాకులు ఎక్కువగా ఈ టోపీ రకానివే.

1857 తిరుగుబాటు తర్వాత ఆంగ్ల ప్రభుత్వం ఆయుధాల మీద పట్టు బిగించింది. 1878 ఆయుధాల చట్టంతో లైసెన్సు తప్పనిసరి అయింది. స్వతంత్ర భారతం 1959లో చేసిన చట్టమే ఇప్పటికీ అమలులో ఉంది. అందులోని 13వ సెక్షన్ నిజమైన పంట రక్షణ కోసం మూతి నుంచి మందు దట్టించే తుపాకిని ప్రత్యేకంగా పేర్కొంది. పంట కాపాడటానికి అది చాలదని తేలితే మరో నున్నని గొట్టపు తుపాకికి అనుమతి ఇవ్వవచ్చు. దీని వెనుక ఉన్న ఆలోచన తేలికగానే తెలుస్తుంది. ఒకసారి పేలిస్తే మళ్ళీ నింపడానికి చాలాసేపు పట్టే తుపాకి కాపలాకు సరిపోతుంది, దాడికి అంతగా పనికిరాదు. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళయింది.

ఇక సంరక్షణ. ఈ తుపాకికి పెద్ద శత్రువు దాని మందే. సురేకారం, బొగ్గు, గంధకం కలిసిన నల్లమందు పూర్తిగా వాయువుగా మారదు. బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. పొగలా కనిపించేది అందులో కొంత, మిగతాది గొట్టం గోడలకు మసిలా అంటుకుంటుంది. ఆ మసిలో పొటాషియం కార్బొనేటు, సల్ఫేటు, సల్ఫైడు అనే లవణాలుంటాయి. కార్బొనేటు గాలిలోని తేమను లాగి చెమరుస్తుంది. తేమా లవణమూ కలిసిన చోట ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. వానాకాలపు వేరుశనగ, అంటే ఈ సీమ చెనిక్కాయ, పెరికే అక్టోబరు, నవంబరు నెలల్లోనే అడవి పందులు చేల మీద పడతాయి. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేదీ అప్పుడే. తుపాకి ఎక్కువగా పేలే కాలమూ, గాలిలో తేమ ఎక్కువగా ఉండే కాలమూ ఒకటే కావడం వల్ల రాత్రి పేల్చిన తుపాకిని తెల్లవారి సంగతి అని వదిలేస్తే గొట్టంలో తుప్పు మొదలవుతుంది.

ఈ లవణాలు నూనెలో కరగవు, నీటిలో కరుగుతాయి. మసి మీదే నూనె రాస్తే పైకి మెరుస్తుంది గాని తుప్పు అడుగున తన పని తాను చేసుకుపోతుంది. అందువల్ల మొదట నీరు, తర్వాతే నూనె. శుభ్రం చేసే ముందు తుపాకి ఖాళీగా ఉందని తేల్చుకోవాలి. ఖాళీ గొట్టంలో గజం ఎంత లోతుకు దిగుతుందో ముందే దాని మీద గీత పెట్టుకుంటే, ఆ గీత మూతికి పైన ఆగినప్పుడల్లా లోపల ఏదో ఉందని అర్థం. ఆ తర్వాత గొట్టంలో వేడి నీరు పోసి, గజానికి చుట్టిన గుడ్డతో పైకీ కిందికీ తోమాలి. కారే నీరు కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది. అది సల్ఫైడు నీటిలో కలుస్తున్న గుర్తు. నీరు తేటగా వచ్చేదాకా పోయాలి. ఉప్పు తగిలే బోరు నీటికన్నా వాన నీరు మేలు. నీరు వేడిగా ఉంటే ఇనుము కూడా వేడెక్కి తడి త్వరగా ఆరుతుంది. పొడి గుడ్డలతో తుడిచి, కాసేపు ఎండలో ఉంచి, పలుచగా నూనె రాయాలి. మరునాడు తెల్లగుడ్డ తోస్తే గోధుమ రంగు అంటకూడదు. అంటితే మళ్ళీ మొదటి నుంచి కడగాలి. తిరిగి వాడే ముందు లోపలి నూనె తుడిచేయాలి, లేకుంటే మందు తడుస్తుంది.

ఏ నూనె అన్నదీ ముఖ్యమే. ఇంట్లో ఉండే కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే గడ్డకడుతుంది. మదనపల్లె, పలమనేరు వైపు చలికాలపు రాత్రి అది సుత్తి కీలును బిగబట్టేస్తుంది. వేరుశనగ నూనె నిలవ ఉంటే మక్కి ఆమ్లాలు పుడతాయి. కిరోసిన్ జిడ్డును వదిలిస్తుంది గాని ఆవిరైపోయి ఇనుమును బట్టబయలు చేస్తుంది. కుట్టు మిషన్‌కు వాడే ఖనిజ నూనె ఇలా గడ్డకట్టదు, మక్కదు, జిగురు కాదు. అవిసె నూనెది వేరే దారి. గాలి తగిలి అది గట్టి పొరగా మారుతుంది. ఇనుప కీళ్ళలో ఆ గుణం కీడు చేస్తుంది, కొయ్య మడమకు మాత్రం మేలు చేస్తుంది. ఏడాదికి ఒకసారి అరచేత్తో పలుచగా రుద్దితే కొయ్య తేమ పీల్చదు, ఎండకు పగలదు.

గొట్టం మీది నల్లని, గోధుమ రంగు పొరను ఉప్పు కాగితంతో గీకకూడదు. అది కావాలని అదుపులో పట్టించిన తుప్పు పొర. ఎర్ర తుప్పు పొలుసులుగా రాలుతుంది, ఇది ఇనుముకు గట్టిగా పట్టి తేమను కొంత అడ్డుకుంటుంది. తోలు సంచిలో తుపాకిని నెలల తరబడి ఉంచకూడదు, తోలు తేమను నిలుపుకుంటుంది. మూతి మూయకుండా మూలన నిలబెడితే మట్టితో గూడు కట్టే కందిరీగలు గొట్టంలో చేరతాయి. అలా అడ్డు పడిన గొట్టాన్ని పేలిస్తే వాయువుకు దారి లేక గొట్టమే చీలిపోవచ్చు. తుపాకి తాళంలో, మందు వేరే గదిలో, పొయ్యికి దూరంగా, పిల్లలకు అందకుండా ఉండాలి. ఎన్నికల కాలంలో ఠాణాలో అప్పగించే ముందు మామూలు కంటే కాస్త ఎక్కువ నూనె పట్టించడం మంచిది, అక్కడ వారాలు గడిచినా తీసి తుడిచే వీలు ఉండదు.

రైతు సొంతంగా చేయదగింది ఇంతే. కొడవలికి కక్కు పెట్టే కమ్మరి ఎంత పనిమంతుడైనా తుపాకిని బాగుచేయడానికి చట్టం ఒప్పుకోదు. 5వ సెక్షన్ ప్రకారం తయారీకే కాదు, మరమ్మతుకూ లైసెన్సు కావాలి. నీటి పైపుతో చేసిన నాటు తుపాకి నేరమే కాదు, పట్టుకున్నవాడికీ అపాయమే. నీటి ఒత్తిడికి తగ్గ అతుకు పేలుడు ఒత్తిడికి ఆగదు.

చేతిలో లైసెన్సు ఉన్నంత మాత్రాన జంతువును చంపే హక్కు రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేని వేట నేరం. కౌండిన్య అభయారణ్యం చుట్టూ ఉన్న కుప్పం, పలమనేరు పల్లెల్లో 1980ల నుంచి ఏనుగులు తిరుగుతున్నాయి. చప్పుడుకు అలవాటు పడ్డ ఏనుగు గుంపును ఒక తుపాకి ఆపలేదు. సోలార్ కంచె, అటవీ సిబ్బంది, 2025లో కర్ణాటక ఇచ్చిన, తర్ఫీదు పొందిన కుంకీ ఏనుగులు ఇప్పుడు ఆ పని చేస్తున్నాయి. సోలార్ కంచెలో కరెంటు క్షణకాలపు తాకిడిగా మాత్రమే వస్తుంది, అందుకే ప్రాణం తీయదు. లైను నుంచి నేరుగా తీగకు కరెంటు ఇస్తే జంతువులతో పాటు మనుషులూ చనిపోతారు.

తుపాకి జీవితం ఠాణాలోనో, లైసెన్సు ఉన్న వ్యాపారి దగ్గరో ముగియాలి. లైసెన్సుదారుడు పోతే అది పొలంలా, నాగలిలా వారసులకు తనంతట తాను దక్కదు. వారసులు ఆలస్యం చేయకుండా దాన్ని అప్పగించాలి. కాపలా అవసరం ఇంకా ఉంటే తమ పేరిట కొత్త లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి.