పాత కెమెరా.. పెద్ద నెగెటివ్!

మీ అమ్మానాన్నల పెళ్లి ఆల్బమ్ ఇంట్లో ఉందా? ఈసారి ఊరెళ్లినప్పుడు ఒకసారి తీసి చూడండి. ఎనభైల్లో పెళ్లయినవాళ్లదైతే అందులో ఫొటోలు చతురస్రంగా ఉండొచ్చు. పొడవూ వెడల్పూ ఒకటే. అది ఫొటోగ్రాఫర్ సరదా కాదు, కెమెరా గుణం. అప్పట్లో మన టౌన్లలో స్టూడియోవాళ్ల మెడలో వేలాడే యాషికా గుర్తుందా? పైన మూత తెరిచి, తల వంచి లోపలికి చూస్తూ నొక్కే రెండు కళ్ల కెమెరా. దాంట్లో వేసేది 120 ఫిల్మ్. స్టూడియో భాషలో 'వన్ ట్వంటీ'. కాస్త కలిగినవాళ్ల ఇళ్లలో అగ్ఫా క్లిక్-3 అనే డబ్బా కెమెరా ఉండేది. దానికీ అదే రోలు.

ఆ రోలుని కొడాక్ కంపెనీ 1901లో తెచ్చింది. నూట ఇరవై ఏళ్లు దాటినా ఇంకా తయారవుతూనే ఉంది. దాన్ని వాడే కెమెరాలనే మీడియం ఫార్మాట్ అంటారు. ఒకప్పుడు ప్రొఫెషనల్స్ తప్ప కొనలేని జపాన్, స్వీడన్ కెమెరాలు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో మనలాంటి వాళ్ల అందుబాటులోకి వచ్చాయి. అన్నీ కాదు, కొన్ని. ఆ కొన్ని ఏవో తేల్చుకోవడానికి మాకు రెండు నెలలు పట్టింది.

మాకెందుకీ గోల?

మేం ముగ్గురం టెక్సస్‌లోని కాపెల్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. ముగ్గురం డిప్లొమా సివిల్. డల్లాస్ ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల లేచే గోడౌన్ల సైట్లలో సూపర్‌వైజర్లం. మాలో ఒకరి అమ్మానాన్న విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చారు. ఫోన్లలో వాళ్ల ఫొటోలు వేలకు వేలు ఉన్నాయి. గోడకు తగిలించేది మాత్రం ఒక్కటి లేదు. బాబాయికి డెబ్బై దాటాయి, మోకాళ్లు సహకరించడం లేదు. మళ్లీ ఈ దేశం వస్తారన్న నమ్మకం మాకూ లేదు, ఆయనకూ లేదు. వాళ్లు వెళ్లేలోపు పదహారు బై ఇరవై అంగుళాల ప్రింటు ఒకటి సరిగ్గా తీయాలి. పని అది.

బడ్జెట్ తలా మూడొందలు, మొత్తం తొమ్మిదొందల డాలర్లు. అంతకు మించితే ఆ నెల ఇంటికి పంపే డబ్బులో కోత పడుతుంది. ఇంకో మాట కూడా ముందే అనుకున్నాం. ఈ తొమ్మిదొందలు కెమెరాకే కాదు, మొదటి పది రోళ్లకు, వాటిని కడిగించడానికి కూడా. చాలామంది కెమెరాకే మొత్తం పోసేసి ఫిల్మ్ దగ్గర చేతులెత్తేస్తారు. 120 రోలు రకాన్నిబట్టి తొమ్మిది నుంచి పదిహేను డాలర్లు. ల్యాబ్‌లో కడిగి స్కాన్ చేసివ్వడానికి పదిహేను, పదహారు. రోలుకు పది ఫొటోలు వస్తాయనుకుంటే, నొక్కినప్పుడల్లా రెండున్నర డాలర్లు పోయినట్టే!

సైజు ముందు, పేరు తర్వాత

మీడియం ఫార్మాట్ అంటే ఒక సైజు కాదు. ఫిల్మ్ వెడల్పు ఒకటే, దాదాపు ఆరు సెంటీమీటర్లు. కెమెరా దాన్ని ఎంత పొడవున వాడుకుంటుందన్నదే తేడా. 6×4.5 అయితే రోలుకి పదిహేనో పదహారో వస్తాయి. 6×6 అయితే పన్నెండు, 6×7 అయితే పది, 6×9 అయితే ఎనిమిది. మామూలు 35 ఎంఎం నెగెటివ్‌తో పోలిస్తే 6×4.5 విస్తీర్ణం రెండున్నర రెట్లు పైనే. 6×6 మూడున్నర రెట్లు, 6×7 నాలుగున్నర రెట్లు. పెద్ద ప్రింటు వేసినప్పుడు గింజ తేలకుండా, చీర జరీ, ముఖం మీద ముడతలు స్పష్టంగా రావడానికి కారణం ఈ విస్తీర్ణమే. ఇందులో మాయేం లేదు.

మాకు కావాల్సిన ప్రింటు కొలత నాలుగుకి అయిదు పాళ్లు. 6×7 నెగెటివ్ దాదాపు ఆ పాళ్లలోనే ఉంటుంది, అంచులు కోసేది తక్కువ. చతురస్రం తీస్తే పైనో కిందో కొంత పోతుంది. చేత్తో పట్టుకుని పిల్లల వెంట పరుగెత్తేవాళ్లకి మాత్రం 6×4.5 నయం. తేలిక, రోలుకి ఎక్కువ ఫొటోలు. మీ పని ఏదో తేలితే సైజు దానంతటదే తేలుతుంది.

షట్టర్ ఎక్కడుంది?

ఎవరూ ముందుగా అడగని ప్రశ్న ఇది. మా లెక్కలో మాత్రం ఇదే మొదటిది.

ఈ కెమెరాల్లో షట్టర్ రెండు చోట్ల ఉంటుంది. కొన్నిటికి ఫిల్మ్ ముందు తెరలా కదులుతుంది. పెంటాక్స్ 67, మామియా 645 ఆ జాతి. మిగతావాటికి లెన్సు లోపలే రేకుల్లా తెరుచుకుంటుంది. హాసెల్‌బ్లాడ్ 500సీ/ఎం, మామియా ఆర్‌బీ67, బ్రోనికా, యాషికా ఈ జాతి. దీన్ని లీఫ్ షట్టర్ అంటారు.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే ఎండలో. టెక్సస్ ఎండ గురించి చెప్పక్కర్లేదు, గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు అసలే చెప్పక్కర్లేదు. మన చామనఛాయ ముఖాల మీద నిట్టనిలువు ఎండ పడితే కళ్ల కింద గుంటలు నల్లగా వస్తాయి. ఆ నీడ తీయాలంటే పగలే కొంచెం ఫ్లాష్ కలపాలి. లీఫ్ షట్టర్‌కి ఏ స్పీడులోనైనా ఫ్లాష్ పనిచేస్తుంది. హాసెల్‌బ్లాడ్‌కి సెకనులో అయిదొందలో వంతు వరకు, ఆర్‌బీకి నాలుగొందలో వంతు వరకు. పెంటాక్స్ 67కి ముప్పయ్యో వంతు దగ్గరే ఆగిపోతుంది. మామియా 645కి అరవయ్యో వంతు.

లెక్క చూడండి. 100 స్పీడు ఫిల్మ్, నడినెత్తి ఎండ. నాలుగొందలో వంతు అయితే ఎఫ్ 8 చాలు, చిన్న ఫ్లాష్ సరిపోతుంది. ముప్పయ్యో వంతుకి దిగితే లెన్సు ఎఫ్ 22 దాటి మూయాలి. అప్పుడు ఫ్లాష్ వెలుగు ఎంత కొట్టినా చాలదు. పెంటాక్స్‌కి లీఫ్ షట్టర్ ఉన్న లెన్సులు ఒకటి రెండు లేకపోలేదు. అవి విడిగా వెతికి కొనాలి.

పెంటాక్స్ 67కి ఉండే 105 మి.మీ., ఎఫ్ 2.4 లెన్సు చాలా అందమైనది. వెనకంతా మెత్తగా కరిగిపోతుంది. నీడపట్టున తీసేవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు, వెయ్యి డాలర్ల పైన పెట్టగలిగితే. మేం పెట్టలేం.

పేరు మోసినవి

హాసెల్‌బ్లాడ్ అంటే మోజు మాకు మాత్రం లేదా! 1969లో అపోలో 11తో చంద్రుడి మీదికి వెళ్లింది ఆ కంపెనీ కెమెరానే. 500సీ/ఎం బ్యాటరీ అక్కర్లేని యంత్రం. జర్మనీ జైస్ 80 మి.మీ. లెన్సు. చేతిలో ఇమిడిపోతుంది. అయితే ఈ రకం తయారీ 2013లో ఆపేశారు. మంచి సెట్టు పదిహేనొందలకు తక్కువ మాకు కనబడలేదు. పాత 'సీ' లెన్సుల షట్టర్లకు విడిభాగాలు కరువు. కొంటే 1982 తర్వాత వచ్చిన 'సీఎఫ్' రకం చూసుకోండి. ఇంకోటి, బాడీ, లెన్సు రెండూ లాగి సిద్ధంగా ఉంటేనే లెన్సు మార్చాలి. లేదంటే ఇరుక్కుపోతుంది.

బ్రోనికా వాసి తక్కువదేం కాదు, పేరే తక్కువ. అందుకే ధర తక్కువ. ఈటీఆర్‌ఎస్‌ఐ 6×4.5, ఎస్‌క్యూ-ఏ 6×6. లెన్సులు పదునైనవి. కాకపోతే షట్టర్ నడిచేది ఆరు వోల్టుల బ్యాటరీ మీద. బ్యాటరీ చస్తే ఒక్క అయిదొందలో వంతు స్పీడు తప్ప ఏదీ ఉండదు. కంపెనీ కూడా 2000ల మధ్యలో కెమెరాల తయారీకి మంగళం పాడింది. లోపలి సర్క్యూట్ పోతే బాగుచేసేవాళ్లు అరుదు. అయిదొందలకు దొరికితే, పోతే పోయిందనుకునేవాళ్లకి దీనికి మించిన బేరం లేదు.

యాషికా మ్యాట్ 124జీ మన పాత నేస్తం. లెన్సు మార్చలేం, 80 మి.మీ. ఒక్కటే. మీటరుకు పాదరసం బ్యాటరీ కావాలి, అవి ఇప్పుడు అమ్మడం లేదు. మీటరు లేకున్నా కెమెరా ఆడుతుంది. తేలిగ్గా మొదలెట్టాలంటే ఇదే మంచిది. రెండు కళ్ల కెమెరాల్లో లెన్సులు మార్చుకునే వీలు కావాలంటే మామియా సీ330 ఉంది, బరువు ఎక్కువ.

ఫ్యూజీ వాళ్ల 6×9 కెమెరాకి అమెరికాలో ముద్దుపేరు 'టెక్సస్ లైకా'. ఆకారం లైకాలా ఉంటుంది, సైజు టెక్సస్‌లా! మేం ఉండేది టెక్సస్‌లోనే కదా అని సరదా పడ్డాం గానీ, దగ్గరి ముఖాలు తీసే పనికి అది సరిపడదు. కొండలూ మైదానాలూ తీసేవాళ్లకి వదిలేశాం.

చివరికి తేలింది మామియా ఆర్‌బీ67 ప్రో-ఎస్. 1974 నాటి మోడల్. పూర్తిగా యాంత్రికం, బ్యాటరీ అన్న మాటే లేదు. వెనక ఫిల్మ్ డబ్బా గుండ్రంగా తిరుగుతుంది, నిలువు ఫొటోకి కెమెరాని పడుకోబెట్టక్కర్లేదు. ముందు బెలోస్ ఉంటుంది కాబట్టి ముఖానికి బాగా దగ్గరగా వెళ్లొచ్చు. ఒకప్పటి స్టూడియోలు పెద్దసంఖ్యలో వాడి వదిలేశాయి కనుక భాగాలు, లెన్సులు, ఫిల్మ్ డబ్బాలు తేలిగ్గా దొరుకుతున్నాయి. బరువా? లెన్సుతో కలిపి రెండున్నర కిలోల పైమాటే. పొద్దున్నుంచీ డ్రిల్లు మెషీన్లు మోసే చేతులకు అదో లెక్కా! అయినా ట్రైపాడ్ మీదే వాడుతున్నాం.

లెన్సు ఒకటి చాలు

6×7లో లెన్సు నంబరుని సగం చేస్తే 35 ఎంఎం కెమెరా లెక్క వస్తుంది. 90 అంటే అక్కడి 45. 127 అంటే అరవై పైన. 180 అంటే దాదాపు తొంభై. సెట్టుతో మామూలుగా 90 వస్తుంది. మేం 127 ఉన్న సెట్టే పట్టుబట్టి వెతికాం. ఇద్దరు మనుషుల్ని మోకాళ్ల దాకా తీయడానికి అది సరైన దూరం. 50 మి.మీ. లాంటి వెడల్పు లెన్సు చవగ్గా కనబడినా తొందరపడొద్దు. భారీగా ఉంటుంది, అల్మారాలోనే ఉంటుంది. లెన్సు మీద 'సీ' అక్షరం ఉంటే మల్టీకోటింగ్ ఉన్నట్టు, ఎదురెండలో వెలవెలబోదు.

స్లాబ్ ముందు స్టీల్ చెక్ చేసినట్టు..

కొనేముందు పరీక్షకి ఫిల్మ్ అక్కర్లేదు. లెన్సుకి వెనకనుంచి ఫోన్ టార్చి వేయండి. దుమ్ము చుక్కలుంటే ఫర్వాలేదు. సాలెగూడు తీగల్లా కనబడితే ఫంగస్, వదిలేయండి. పొగలా ఉంటే కాంతి చెదిరిపోతుంది, అదీ వద్దు. తర్వాత షట్టర్‌ని ఒక సెకనుకి పెట్టి నొక్కండి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని. పాత లెన్సుల్లో గ్రీజు గట్టిపడి ముందుగా మొరాయించేవి ఈ నెమ్మది స్పీడులే. ఒక సెకను రెండు సెకన్లయిందంటే సర్వీసింగ్ ఖర్చు బేరంలో తగ్గించండి. ఫిల్మ్ డబ్బా తలుపు అంచున నల్లటి స్పాంజి ఉంటుంది. వేలికి జిగురులా అంటిందంటే అది చివికిపోయింది, వెలుగు లోపలికి చొరబడుతుంది. మార్చడం మనమే చేసుకోవచ్చు, పది పదిహేను డాలర్ల పని.

అమ్మేవాళ్లు 'మింట్' అని రాస్తే పొంగిపోకండి. ఒక అమ్మకందారు 'దాదాపు కొత్తది' అని పంపిన లెన్సులో టార్చి వేస్తే నిండా ఫంగస్. వెనక్కి తీసుకున్నాడు గానీ పోస్టు ఖర్చు మా నెత్తినే. అందుకని వెనక్కిచ్చే గడువు ఉన్న షాపే మేలు. అట్లాంటా దగ్గరి కేఈహెచ్‌లాంటి పాత కెమెరాల షాపులు సరుకుకి గ్రేడ్లు ఇస్తాయి. 'బార్గెయిన్' గ్రేడంటే పైన గీతలు, రంగు పోవడం. పని మాత్రం చేస్తుంది. మాకు కావాల్సింది అదే కదా! జపాన్ నుంచి తెప్పించుకునేవాళ్లు ఒకటి గమనించండి. 800 డాలర్లలోపు పార్సిళ్లకు అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపుని 2025 ఆగస్టు 29న ఎత్తేశారు. చెప్పిన ధరలో సుంకం కలిసి ఉందో లేదో డబ్బు కట్టకముందే అడగండి.

మాకు బాడీ, 127 లెన్సు, ఒక ఫిల్మ్ డబ్బా కలిపి 540 పడింది. మీటరు లేదు, ఫోన్లో యాప్‌తో సరిపెట్టాం.

ఆదివారం ఆండ్రూ బ్రౌన్ పార్కులో చెట్టు నీడ అంచున ఇద్దర్నీ కూర్చోబెట్టాం. బాబాయి స్టూడియోలో కూర్చున్నట్టే వీపు నిటారుగా పెట్టి, ఊపిరి బిగబట్టారు. ఆర్‌బీ అద్దం లేచేటప్పుడు 'ఠప్'మని చప్పుడొస్తుంది. "ఏరా, అయిపోయిందా? ఊపిరి వదలొచ్చా?" అన్నారు. పిన్ని పకపకా నవ్వేసింది. అప్పుడు నొక్కిందే ప్రింటుకి పనికొచ్చింది.

ఫిల్మ్ జాగ్రత్త

ఎండాకాలం ట్రక్కులో ఫిల్మ్ వదలకండి, ఫ్రిజ్‌లో పెట్టండి. ఇండియా వెళ్లేటప్పుడు లగేజీలో అసలు వేయొద్దు. చేతి బ్యాగుల్ని చూసే కొత్త సీటీ స్కానర్లు కూడా కడగని ఫిల్మ్‌ని పాడుచేస్తాయి. అమెరికా ఎయిర్‌పోర్టుల్లో చేత్తో చూడమని అడగొచ్చు. మిగతాచోట్ల అది ఆ ఆఫీసరు దయ. అందుకే మేం ఉన్న రోళ్లన్నీ వాళ్ల ప్రయాణానికి ముందే కడిగించేశాం. పదహారు బై ఇరవై ప్రింటు సూట్‌కేసులో పట్టక ట్యూబులో చుట్టి ఇస్తే, బాబాయి దాన్ని ఎవరికీ ఇవ్వకుండా తన చేత్తోనే పట్టుకెళ్లారు.

180 లెన్సు మీద మాత్రం కన్నేసి ఉంచాం. ఏప్రిల్‌లో ఎనిస్ దారిలో బ్లూబానెట్ పూలు విచ్చేలోపు రెండొందల లోపు దొరికితే చాలు.