టైలును గీసే ఇసుక

జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల పొలాలు పొగాకు బోర్డు లెక్కల్లో ‘ఉత్తర తేలిక నేలలు’. ఈ ఇసుక నేలలు వర్జీనియా పొగాకుకు బాగా అచ్చొచ్చాయి. టైల్స్ పరిచిన ఇంటికి మాత్రం ఇవే గండం. చెప్పులకు అంటి వచ్చే ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. మోస్ కొలమానంలో దాని గట్టిదనం 7. టైలు మీది మెరుపు పూతది మామూలుగా 5, 6 మధ్య. ఉత్త పాదం పూతను ఏమీ చేయలేదు, పాదం కింద నలిగే రేణువు గీస్తుంది. కంటికి ఆనని గీతలు వేలకొద్దీ పడ్డాక వెలుతురు చెదిరిపోయి, గుమ్మం నుంచి వంటింటి దాకా నడిచే దారి మసకబారుతుంది.

ఈ అరుగుదలను కొనకముందే చెప్పే యంత్ర పరీక్ష ఒకటుంది. పోర్సెలిన్ ఎనామెల్ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా సంస్థ పేరు మీద దాన్ని పీఈఐ పరీక్ష అంటారు. ఇప్పుడది ఐఎస్ఓ 10545-7 ప్రమాణం. టైలు ముక్క మీద గిన్నె బోర్లించి బిగిస్తారు. లోపల 5, 3, 2, 1 మిల్లీమీటర్ల ఉక్కు గుళ్లు, 3 గ్రాముల అల్యూమినా రజను, 20 మిల్లీలీటర్ల నీళ్లు. నిమిషానికి 300 చుట్లు. తర్వాత కడిగి, ఆరబెట్టి, అరగని టైళ్ల మధ్య పెట్టి, 2 మీటర్ల దూరం నుంచి మనుషులే చూస్తారు. 150 చుట్లకే తేడా కనబడితే 1వ తరగతి, 600కైతే 2, 750కో 1,500కో అయితే 3, 2,100 నుంచి 12,000 దాకా 4. ఆ పైన కూడా తేడా తెలియక, మరకల పరీక్షా నెగ్గితేనే 5. తీర్పు కంటికే వదిలేయడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది. ఇంట్లో రోజూ చూసేదీ కన్నే కదా! ముదురు రంగు, నిగనిగలాడే టైలు ఇక్కడ తొందరగా దొరికిపోతుంది.

పూత లేని విట్రిఫైడ్ టైలుకు ఈ తరగతులు వర్తించవు. దాని మీద రజను పోస్తూ ఉక్కు చక్రాన్ని 150 చుట్లు తిప్పుతారు. పడిన గాడి 175 ఘన మిల్లీమీటర్లు మించకూడదు. డబుల్ ఛార్జ్ టైలులో రంగు కొన్ని మిల్లీమీటర్ల లోతు దాకా ఉంటుంది కాబట్టి పైపైన అరిగినా డిజైను చెదరదు.

పడకగదికి 2వ తరగతి చాలు. వంటింటికి, హాలుకు 3, వీధి గుమ్మానికి 4 మేలు. ఇదంతా వాకిట్లో కాళ్లు తుడుచుకునే పట్టా ఉంటుందన్న లెక్క మీదే. మన నేలల్లో ఆ పట్టా గరుకుది కావాలి, రోజూ దులపాలి.