ఎముకలున్నాయి సరే.. ఎగిరించేదెలా?

ఈసారి అలిపిరి నుంచి బస్సులో కొండెక్కేటప్పుడు ఫోన్ కాసేపు జేబులో పెట్టి రోడ్డు పక్కన కోసిన రాతి గోడను చూడండి. కింద గ్రానైట్, దాని మీద పొరలుగా పేర్చినట్టు క్వార్ట్జైట్. ఆ రెండింటి మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఖాళీ ఉందంటారు భూగర్భ శాస్త్రవేత్తలు. దాని పేరు ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ. పై పొర ఏర్పడేనాటికి కూడా భూమ్మీద ఎముకలున్న జంతువే లేదు. అందుకే శేషాచలంలో ఎంత తవ్వినా టెరోసార్ దొరకదు.

టెరోసార్ అంటే రాక్షసబల్లుల కాలంలో ఆకాశాన్ని ఏలిన ఎగిరే సరీసృపం. పక్షి కాదు, డైనోసార్ కూడా కాదు, దానికి దగ్గరి చుట్టం. దాని రెక్క మొత్తం బారెడు పొడవున సాగిన ఒక్క నాలుగో వేలి మీద ఆధారపడి ఉంటుంది.

దాని జాడ కోసం మనవైపు వెతకాలంటే ప్రాణహిత-గోదావరి లోయకు పోవాలి. అక్కడి కోటా శిలల్లో దొరికిన ఓ దవడ ముక్కను 1974లో సోహన్‌లాల్ జైన్ టెరోసార్‌దిగా వర్ణించారు. తర్వాతి పరిశోధకులు దాన్ని అనుమానించారు, చేపది కావచ్చన్నారు. అవే శిలల్లో తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలు మాత్రం పుష్కలంగా దొరికాయి. 1988లో పి.యాదగిరి దానికి పేరు పెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టింది దాన్నే. ఈసారి వెళ్తే తల వైపు కాస్త పరీక్షగా చూడండి. తవ్వకాల్లో పుర్రె దొరకలేదు, రెండు పళ్లు తప్ప. అంటే మీరు చూసే తల లెక్కగట్టి చేసింది.

నిలబెట్టడానికే ఇంత తిప్పలైతే, కదిలించడం ఇంకెంత కష్టం? టెరోసార్ కథ అంతా తప్పుడు మోడళ్ల చరిత్రే. 1784లో తొలిసారి వర్ణించిన కొల్లిని అది సముద్ర జీవి అనుకున్నాడు. 1801లో కువియర్ ఎగిరే జంతువని చెప్పినా, 1830లో వాగ్లర్ ఆ రెక్కల్ని ఈతకు తెడ్లుగా వాడినట్టు గీశాడు. అందరూ చూసినవి అవే ఎముకలు!

1971లో అమెరికాలోని టెక్సాస్‌లో క్వెట్జల్‌కోట్లస్ బయటపడింది. రెక్కల విస్తీర్ణం సుమారు 10 మీటర్లు. అంత పెద్దది ఎగిరిందా అన్న ప్రశ్నను ఇంజినీర్ పాల్ మెక్రెడీ చేతుల్లోకి తీసుకున్నాడు. సగం సైజులో, 18 అడుగుల రెక్కల యంత్రాన్ని కట్టాడు. తోక లేని ఆకారం కావడంతో క్షణక్షణం కంప్యూటర్ సరిదిద్దుతూ ఉండాల్సి వచ్చింది. డెత్ వ్యాలీలో అది ఎగిరింది. 1986లో జనం ముందు ప్రదర్శనలో కూలింది. (మా ఫైనలియర్ ప్రాజెక్టు కూడా రెక్కలాడించే డ్రోనే. తెర మీద గంటలు ఎగిరింది, గ్రౌండ్‌లో మూడు సెకన్లు. మెక్రెడీ గురించి చదివాక కాస్త ఊరట!)

ఎగరడం సరే, నేల మీద నుంచి లేచేదెలా? పక్షిలా రెండు కాళ్లతో ఎగిరి దూకితే, రెండు మనుషుల బరువును మించిన ఆ శరీరానికి కాళ్లు చాలవు. 2008లో మైకేల్ హబీబ్ ఎముకల్ని దూలాల్లా లెక్కగట్టాడు. చేయి ఎముక బలం తొడ ఎముక కంటే చాలా ఎక్కువ. అంటే రెక్కల్నే ముందుకాళ్లుగా ఊని, నాలుగు కాళ్ల మీది నుంచి ఎగిరేదన్నమాట. అది నాలుగు కాళ్లతో నడిచిందని శిలాజ అడుగుజాడలు కూడా చెబుతున్నాయి. బీమ్ బెండింగ్.. మీరు సెకండియర్‌లో పరీక్షకు బట్టీ పట్టి మరిచిపోయిన చాప్టరే.

"జాబ్ వస్తాదా అన్నా?" అని మా జూనియర్ ఒకడు అడిగాడు. నిజం చెప్పాలంటే, నేరుగా శిలాజాల ఉద్యోగాలు చాలా తక్కువ. జీఎస్ఐలో జియాలజిస్ట్ కావాలంటే జియాలజీ సంబంధ పీజీ చేసి, యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయాలి. గేట్‌లో జియాలజీ పేపర్ ఉంది. ఎస్వీయూలో జియాలజీ విభాగం, ఐఐఎస్ఈఆర్ తిరుపతిలో ఎర్త్ సైన్స్ మన పక్కనే ఉన్నాయి. బీటెక్ చేసి ఇటు రావాలంటే దారి పొడవే. కానీ సీటీ స్కాన్ నుంచి ఎముకను వేరుచేయడం, త్రీడీలో కీళ్లు కలపడం, ఒత్తిడి విశ్లేషణ చేయడం.. ఈ పనులే ఇంప్లాంట్లు, యానిమేషన్, గేమ్స్, రోబోటిక్స్ సంస్థలకూ కావాలి. త్రీడీ స్లైసర్, బ్లెండర్ ఉచితం. మార్ఫోసోర్స్‌లో ఎముకల స్కాన్లు వెతకొచ్చు. రెజ్యూమెలో "బ్లెండర్ తెలుసు" అని రాయడం కన్నా, ఒక కీలు ఎంతవరకు వంగుతుందో మీరు ఎలా నిర్ణయించారో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి అరగంట సరుకు ఉంటుంది.

కంప్యూటర్ తెరిచే ముందు ఓ చిన్న పని చేయండి. ఆదివారం ఇంట్లో చికెన్ వండితే (కొండ మీద కాదు లెండి, కింద తిరుపతిలో) రెక్క ఎముక, తొడ ఎముక కడిగి ఆరబెట్టి పక్కపక్కన పెట్టండి. ఏది లావుగా ఉందో కొలవండి. టెరోసార్‌లో అది తలకిందులు.