లైపోసక్షన్ పరికరాల ఎంపిక: యంత్ర, శస్త్ర భేదం

కీలకపదాలు: లైపోసక్షన్, కాన్యులా, నాడీయంత్రం, సుశ్రుత సంహిత, సాంకేతిక పదజాలం.

1. ఉపోద్ఘాతం

చర్మం కింది కొవ్వును సన్నని గొట్టంతో పీల్చి తొలగించే చికిత్స లైపోసక్షన్. ఇందులో వాడే సాధనాలన్నింటినీ తెలుగులో ‘శస్త్రచికిత్స పరికరాలు’ అని ఒకే మాటతో వ్యవహరిస్తున్నాం. శస్త్రమంటే కోసే సాధనం. అయితే ఈ చికిత్సలో ప్రధాన సాధనానికి ఉండవలసిన గుణం కోయకపోవడమే. ఈ అంశాన్ని స్పష్టం చేయగల పదభేదం సుశ్రుత సంహితలో ఉంది. దాని ఆధారంగా పరికరాల ఎంపికను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. యంత్రం, శస్త్రం

సుశ్రుత సంహిత సూత్రస్థానంలోని 7వ అధ్యాయం 101 యంత్రాలను, 8వ అధ్యాయం 20 శస్త్రాలను పేర్కొంటాయి. పట్టుకోవడానికి, వెలికితీయడానికి, పీల్చడానికి వాడే మొద్దు సాధనాలు యంత్రాలు. కోయడానికి, గుచ్చడానికి, గీయడానికి వాడే పదునైనవి శస్త్రాలు. యంత్రాలలో 20 నాడీయంత్రాలు. ఇవి బోలు గొట్టాలు. ఆచూషణం, అంటే పీల్చడం, వీటి ప్రయోజనాలలో ఒకటి. అంతమాత్రాన ప్రాచీన కాలంలో లైపోసక్షన్ ఉండేదని భావించరాదు. ఇక్కడ మనకు ఉపయోగపడేది వర్గీకరణ మాత్రమే.

3. పదును నుంచి మొద్దుకు

1920లలో ఫ్రాన్స్‌లో షార్ల్ దుజార్యే అనే వైద్యుడు ఒక నర్తకి కాలిలోని కొవ్వును క్యూరెట్‌తో గీకి తీయబోయాడు. రక్తనాళం దెబ్బతిని, కాలు కుళ్లి, చివరకు దానిని తొలగించవలసి వచ్చింది. 1970లలో ఇటలీకి చెందిన ఫిషర్లు బోలు గొట్టంతో కొవ్వును పీల్చే పద్ధతిని ప్రవేశపెట్టారు. ఆ దశాబ్దం చివర ఫ్రాన్స్‌లో ఇవ్ జెరార్ ఇలూజ్ మొద్దుకొన కాన్యులాను వాడాడు. మొద్దుకొన కొవ్వులో దారి చేసుకుంటూ పోతుంది. నాళాలను, నాడులను చాలావరకు తెంచకుండా పక్కకు నెడుతుంది. సుశ్రుతుని పరిభాషలో చెప్పాలంటే, ఈ చికిత్స శస్త్రం నుంచి యంత్రానికి మారింది.

4. ఎంపికలో గమనించవలసినవి

సుశ్రుతుడు చెప్పిన 12 యంత్రదోషాలలో అతిస్థూలం, అతిదీర్ఘం, అతిహ్రస్వం, వక్రం ఉన్నాయి. కాన్యులా ఎంపికలోనూ కొలతే కీలకం.

అ) లావు: తొలినాళ్లలో 10 మి.మీ. వరకు లావైన గొట్టాలు వాడేవారు. ఇప్పుడు ఎక్కువగా 2 నుంచి 5 మి.మీ. లోపువే వాడుతున్నారు. లావైనది కొవ్వును త్వరగా లాగుతుంది. కానీ గాయాన్ని పెంచి, చర్మంపై గుంటలు మిగిల్చే అవకాశం ఉంది. అందువల్ల పొట్ట లోతులోని కొవ్వుకు లావైనవి, గడ్డం కిందికి, చర్మానికి దగ్గరి పొరకు సన్ననివి ఎంచుకుంటారు.

ఆ) రంధ్రాలు: రంధ్రాలు పెరిగినకొద్దీ కొవ్వు వేగంగా వస్తుంది. చర్మానికి దగ్గరగా పనిచేసేటప్పుడు రంధ్రం కిందివైపున ఉన్నదానిని వాడతారు. పైవైపున ఉంటే చర్మం అడుగుపొర దెబ్బతింటుంది.

ఇ) పొడవు: పొడవైనది తక్కువ కోతలతో ఎక్కువ ప్రాంతాన్ని చేరుతుంది. అయితే కొన దూరమైనకొద్దీ దానిపై అదుపు తగ్గుతుంది.

ఈ) శుభ్రత: సన్నని గొట్టం లోపల కొవ్వు, రక్తం నిలిచిపోతాయి. బ్రష్‌తో కడగకుండా ఆటోక్లేవ్‌లో పెడితే క్రిమిరహితం అయిందన్న భరోసా ఉండదు. కాబట్టి లోపలివరకు శుభ్రం చేయగల నిర్మాణమున్న కాన్యులాను ఎంచుకోవాలి. లేదా ఒక్కసారి వాడి పారవేసేదానిని వాడాలి.

5. ముగింపు

నేటి తెలుగులో యంత్రమంటే మరమనిషి, మోటారు వంటివే స్ఫురిస్తాయి. కనుక ‘నాడీయంత్రం’ అనే మాటను యథాతథంగా పునరుద్ధరించడం కుదరదు. ‘మొద్దుకొన పీల్చుగొట్టం’ అంటే రోగికి అర్థమవుతుంది, ప్రధాన గుణమూ తెలుస్తుంది. యంత్రాలన్నింటిలో చేతినే ప్రధానమైనదిగా సుశ్రుతుడు పరిగణించాడు. లైపోసక్షన్‌లోనూ వైద్యుడు ఒక చేత్తో కాన్యులాను నడుపుతూ, రెండో చేతిని చర్మంపై ఉంచి దాని కొన ఎక్కడుందో తెలుసుకుంటూ ఉంటాడు. ఆ చేతికి అందనంత లోతుకు కొన జారితే ఉదరకుహరపు గోడను సైతం చీల్చవచ్చు. మొద్దుకొన ప్రమాదాన్ని తగ్గిస్తుందే కాని తొలగించదు. పరికరాన్ని ఎంచుకునేవారు ఈ పరిమితిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.