ఒక్క బైటుతో ఆగే ప్రోగ్రామ్

సీ భాషలో రాసిన ప్రోగ్రామ్ ఎక్కడో తప్పు లెక్క వేస్తోంది. కొత్తవాళ్లు అనుమానం ఉన్న చోటల్లా ప్రింట్‌ఎఫ్ లైన్లు ఇరికించి మళ్లీ మళ్లీ కంపైల్ చేస్తారు. అలవాటైనవాళ్లు డీబగ్గర్ తెరిచి, కావలసిన లైను దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టి, అక్కడ ప్రోగ్రామ్ ఆగాక వేరియబుల్స్ విలువలు చూసుకుంటారు. రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో మొదలుపెట్టిన జీడీబీ అనే డీబగ్గర్ నేడు చాలా పెద్ద సాఫ్ట్‌వేర్. అయినా దాని మూల సూత్రాన్ని ఒక విద్యార్థి కొన్ని వందల లైన్లలో సొంతంగా రాసుకోవచ్చు. సిస్టమ్స్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ప్రాజెక్టులు తక్కువే.

లినక్స్‌లో దీనికి ఆధారం పీట్రేస్ అనే సిస్టమ్ కాల్. 1970ల నాటి యూనిక్స్ నుంచి వచ్చిందది. డీబగ్గర్ ముందుగా ఫోర్క్‌తో ఒక చైల్డ్ ప్రాసెస్‌ను సృష్టిస్తుంది. తనను ట్రేస్ చేయడానికి సమ్మతమేనని ఆ చైల్డ్ కెర్నల్‌కు చెప్పి, ఎగ్జెక్‌తో అసలు ప్రోగ్రామ్‌గా మారిపోతుంది. ఇక డీబగ్గర్‌కు దాని రిజిస్టర్లనూ మెమరీనీ చదివే, మార్చే వీలు దొరుకుతుంది. మామూలుగా ఒక ప్రాసెస్ మెమరీ జోలికి మరొకటి వెళ్లకుండా కెర్నల్ కాపు కాస్తుంది. ఆ కెర్నలే ఇక్కడ దగ్గరుండి తలుపు తీస్తుంది.

మరి ఆపడం ఎలా?

ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లలో 204 అనే బైటుకు ప్రత్యేక అర్థం ఉంది. అది ఎదురైతే ప్రాసెసర్ ట్రాప్‌లోకి వెళ్తుంది, కెర్నల్ ప్రోగ్రామ్‌ను నిలిపి డీబగ్గర్‌కు కబురు పంపుతుంది. బ్రేక్‌పాయింట్ అంటే ఇంతే: ఆ అడ్రసులోని అసలు బైటును దాచుకుని, దాని స్థానంలో 204 రాయడం.

చిక్కంతా మళ్లీ నడిపించేటప్పుడే. ఆగేసరికి ప్రోగ్రామ్ కౌంటర్ ఆ బైటును దాటి ఉంటుంది. దాన్ని ఒక అడుగు వెనక్కి జరపాలి, అసలు బైటును తిరిగి పెట్టాలి, ఒక్క ఇన్‌స్ట్రక్షన్ మాత్రమే నడిపించాలి, మళ్లీ 204 రాసి అప్పుడు వదలాలి. వెనక్కి జరపడం మరిస్తే ప్రాసెసర్ ఒక ఇన్‌స్ట్రక్షన్ మధ్య నుంచి చదవడం మొదలుపెట్టవచ్చు. అప్పుడు బాగున్న ప్రోగ్రామ్ కూడా కుప్పకూలుతుంది, నింద మాత్రం దాని మీదే పడుతుంది!

ఇంతవరకూ అన్నీ అడ్రసులే. మనిషి అడిగేది మాత్రం ‘12వ లైను దగ్గర ఆపు’ అని. ఏ లైను ఏ అడ్రసులో ఉందో చెప్పే పట్టికను కంపైలర్, జీ ఆప్షన్ ఇస్తే, డ్వార్ఫ్ ఫార్మాట్‌లో ఎగ్జిక్యూటబుల్ ఫైల్‌లోనే పెడుతుంది. దాన్ని చదవడం బ్రేక్‌పాయింట్ రాయడం కన్నా చాలా కష్టం. అందుకే చాలామంది ఇక్కడ సిద్ధంగా ఉన్న లైబ్రరీ తెచ్చుకుంటారు, అందులో తప్పేమీ లేదు. పైగా ఆప్టిమైజేషన్ ఆన్‌లో ఉంటే లైన్ల వరుస తారుమారవుతుంది, కొన్ని వేరియబుల్స్ మెమరీలోనే కాదు, రిజిస్టర్లలో కూడా మిగలవు. అలాంటివాటి విలువ అడిగితే జీడీబీ అంతటిది కూడా ‘ఆప్టిమైజ్డ్ అవుట్’ అని చెప్పి ఊరుకుంటుంది.