పాత దర్వాజలో తొమ్మిది ముక్కలు

మన హాస్టల్ స్టోర్ రూముకు కొత్త తలుపు పెట్టినప్పుడు తీసేసిన టేకు దర్వాజ వంటశాల వెనుక పడి ఉండేది. నేడో రేపో పొయ్యిలోకి పోయేదే. వార్డెన్ సారును అడిగి మేము తీసుకున్నాం. స్టడీ అవర్‌లో ఇప్పుడు మీ చేతుల్లో తిరుగుతున్న డబ్బా పజిల్ అదే. అదెందుకు అంత సులువుగా కుదరదని తమ్ముళ్ళు అడుగుతున్నారు, అందుకే ఈ నాలుగు మాటలు.

ముక్కలు తొమ్మిది. 3 సెంటీమీటర్ల చిన్న ఘనాలు మూడు, 6×6×3 కొలత పలకలు ఆరు. అన్నీ కలిసి 9 సెంటీమీటర్ల డబ్బాలో ఖాళీ లేకుండా సర్దుకోవాలి. ఈ ఆలోచన మాది కాదు. నెదర్లాండ్స్ వాస్తుశిల్పులు స్లొథౌబర్, గ్రాట్స్మా పేర్లతో ప్రసిద్ధమైంది. 2020లో కన్నుమూసిన గణితవేత్త జాన్ కాన్వే ఇలాంటిదే ఇంకా పెద్దది, 5×5×5 డబ్బాకు పద్దెనిమిది ముక్కలతో తయారు చేశారు. దాని జోలికి మేమింకా పోలేదు.

మాది నిర్మల్ వైపు పల్లె, 2016 దాకా ఆదిలాబాద్ జిల్లా. కొయ్యబొమ్మల ఊరు పక్కనే ఉండగా ఆ పొణికి కట్టెతోనే చేయొచ్చు కదా అన్నారు కొందరు. పొణికి తేలిక, మెత్తన. బొమ్మకు అదే మేలు, చెక్కి రంగు వేస్తారు. పజిల్‌కు మాత్రం పనికిరాదు. నాలుగుసార్లు డబ్బాలో వేసి తీస్తే అంచులు అరిగి ముక్కలు వదులవుతాయి. ఏండ్లకొద్దీ ఆరిన పాత టేకు అట్లా కాదు.

మొదటిసారి మేమే స్కేలు పెట్టి గీతలు గీసి చేతి రంపంతో కోశాం. ఒక్క ముక్కా సరైన కొలతకు రాలేదు. దసరా సెలవులకు మిగిలిన కట్టెను బస్సులో ఊరికి తీసుకపోయాం. మా బాపు కోత మిల్లులో కూలి, బడి మొఖం చూడలేదు. గీతలు చూసి, "రంపం తినే మందం ఏడ లెక్కేసిన్రు?" అన్నడు. నిజమే. ఒక్కో కోతకు దాదాపు 2 మిల్లీమీటర్లు పొట్టుగా పోతుంది. మేము గీతకు గీత ఆనించి గీసినం. ముక్క అర మిల్లీమీటరు పెరిగినా మూడు వరుసగా పెడితే ఒకటిన్నర అవుతుంది, డబ్బా పట్టదు. ఈసారి బాపే కోసిండు.

అసలు ఇబ్బంది అప్పుడొచ్చింది. బాపు మూడు చిన్న ముక్కలను అడుగున మూడు మూలలకు పెట్టి, "ఇట్ల ఎందుకు కుదరది?" అన్నడు. పీజీ గణితం చదువుతున్నాం, మా ఇంట్లో మాకు ముందు డిగ్రీ దాకా వచ్చినవాళ్ళు లేరు. అయినా జవాబు రాలేదు. జవాబు బొమ్మ చూసి పెట్టడమే తప్ప కారణం ఆలోచించలేదు. రెండు రోజులు పట్టింది.

డబ్బాను మూడు అంతస్తులనుకోండి. ఒక్కో అంతస్తులో తొమ్మిది గళ్ళు. పలక పడుకుంటే నాలుగు గళ్ళు ఆక్రమిస్తుంది, నిలబడితే రెండు, లేదంటే సున్న. ఎట్లా పెట్టినా సరిసంఖ్యే. తొమ్మిది బేసి. కాబట్టి ప్రతి అంతస్తులోనూ చిన్న ముక్క ఒకటైనా ఉండి తీరాలి. ఉన్నవి మూడే, అంతస్తులు మూడు. అంటే అంతస్తుకొక్కటే. డబ్బాను పక్కకు తిప్పి చూసినా, ముందు నుంచి చూసినా ఇదే లెక్క. బాపు పెట్టినట్టు మూడూ అడుగుకే పోతే పై అంతస్తులు రెండూ నిండవు. చివరికి నిలిచేది ఒక్కటే: ఒక మూలన ఒకటి, నట్టనడుమ ఒకటి, దానికి ఎదురు మూలన పైన ఒకటి. వేళ్ళ మీద లెక్కపెట్టి బాపు, "గంతేనా" అన్నడు. పలకలు ఆరూ ఎటు తిప్పాలో మేము చెప్పం.

వానకాలంలో కట్టె తేమకు ఉబ్బుతుంది, పొడుగులో కాదు, అడ్డంగా. ముక్కలు బిగిస్తే సుత్తి పెట్టకండి. గాలి తగిలే నీడలో రెండు రోజులు ఉంచండి.

ఒక చిన్న ముక్క నెల రోజులుగా కనబడటం లేదు. ఎవరి పెట్టెలో ఉన్నా తెచ్చి ఇవ్వండి. అది దొరికేదాకా ఆ చోటు ఖాళీగా వదిలి ఆడుకోవచ్చు, లెక్క మారదు.