పరిచర్య చేయువారికి వ్యాయామము

ఇంటిలో ఒకరు పక్షవాతముతో మంచము పట్టినచో, మఱియొకరి దినచర్య ఆ మంచమునకు కట్టుబడిపోవును. ఆ రెండవవారు తఱచుగా భార్యయో, కోడలో, కూతురో అయియుందురు. వారికి జీతము లేదు, సెలవు లేదు. వైద్యుడు రోగి నాడి చూచునేగాని ఆమె నాడి చూచుట అరుదు.

2019లో భారత ప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో, పిల్లల సంరక్షణతో సహా ఇంటివారికి పరిచర్య చేయు స్త్రీలు దినమునకు సగటున 134 నిమిషములు, పురుషులు 76 నిమిషములు అందుకు వెచ్చించుచున్నట్లు తేలినది. వంట, ఊడ్పు ఇందులో చేరలేదు.

ఇంత శ్రమపడువారికి మరల వ్యాయామమెందులకని శ్రోతలు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. 1953లో లండనులో జెరీ మారిస్ బృందమువారు, కూర్చుండి బస్సు నడుపు డ్రైవర్లకంటె, రెండంతస్తుల బస్సులలో మెట్లెక్కి దిగు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువయని కనుగొనిరి. కాని పరిచారిక శ్రమ ఆ కండక్టరు శ్రమవంటిది కాదు. రోగిని ఒక్క ఊపున ఎత్తుట, తరువాత గంటలకొలది ప్రక్కన కూర్చుండుట, రాత్రి రెండు మూడు మార్లు లేచుట. నడుమునకు భారము మిక్కుటము. గుండెకు కావలసిన కదలిక స్వల్పము.

దీనిని తేలికగా తీసికొనరాదు. 1999లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనములో, వృద్ధ దంపతులను నాలుగేండ్లు పరిశీలించిరి. జీవిత భాగస్వామికి సేవచేయుచు క్లేశపడినవారికి మరణాపాయము, అట్టి సేవాభారము లేనివారికంటె 63 శాతము అధికముగా కనబడెను. సేవచేసియు క్లేశపడనివారిలో అట్టి భేదము స్పష్టముగా కానరాలేదు. అనగా సేవ కాదు, ఊపిరి సలుపని సేవ హానికరమని మేము గ్రహించుచున్నాము.

వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యమ వ్యాయామము పెద్దలకు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. పది నిమిషములకు తగ్గిన నడక లెక్కకు రాదను పాత నియమమును అప్పుడే తొలగించినది. కావున రోగి కునుకు తీయునపుడు వరండాలో అయిదు నిమిషములు చురుకుగా నడచినను లెక్కయే. మాటాడగలిగి, పాట పాడలేనంత వేగము చాలును.

రోగిని లేపు పద్ధతియు నేర్వదగినదే. నడుము వంచక మోకాళ్ళు వంచి, రోగిని దగ్గరగా పట్టుకొనవలెను. తిరుగవలసినపుడు నడుము మెలిపెట్టక పాదములు కదపవలెను. పడిపోయిన చేతిని పట్టి లాగరాదు. భుజము కీలు చెడును. కుంగిపోవు నులకమంచము ఈ పనికి శత్రువే.

ఇక అసలు చిక్కు: ఆమె వీధిలోనికి పోయిన అరగంట రోగికి మంచినీరు ఇచ్చువారెవరు? కేరళలో 2008లో ప్రభుత్వము ఉపశమన చికిత్సా విధానమును ప్రకటించుటకు ముందునుండియే, ఇరుగుపొరుగు స్వచ్ఛంద సేవకులు మంచముపట్టినవారి ఇండ్లకు పోవుచుండిరి. మన ఇండ్లలో ఆ అరగంట కొడుకో, మఱదియో తీసికొనవచ్చును. వేళ నిర్ణయించుకొనవలెను. మందులెక్కడ నున్నవో, బెడ్‌పాను ఎట్లు పెట్టవలెనో ముందుగా నేర్చుకొనవలెను. ఆమె వీధి మలుపు తిరుగకమునుపే ఫోను చేసి, గ్లాసెక్కడనని అడుగరాదు.